ప్రశ్న రాయడం వచ్చిన పిల్లకు పార్లమెంటు వచ్చినట్టే

లోక్‌సభలో ఎన్నికైన సభ్యులెందరు? 543. రాజ్యసభ మొత్తం బలం? 245. ద్రవ్య బిల్లును రాజ్యసభ ఎన్ని రోజుల్లో తిప్పి పంపాలి? 14. ఏ బడిలోనైనా తొమ్మిదో తరగతి పిల్లల్ని నిలబెట్టి అడగండి, ఈ బిట్లన్నీ గడగడా చెప్పేస్తారు. అదే పిల్లల్ని ఇంకోలా అడిగి చూడండి. “మీ బడికి రావాల్సిన డబ్బు రాలేదనుకోండి. దాని గురించి ఢిల్లీలో ఎవరు, ఎవరిని, ఎప్పుడు, ఎలా అడుగుతారు?” ఒక్కరూ చెయ్యెత్తరు. అంకెలు నోటికొచ్చాయి. ఆ సభ ఏం పని చేస్తుందో, ఎలా చేస్తుందో తెలియలేదు.

ఈ పాఠాన్ని మనం తోక నుంచి చెబుతున్నామని నా అభిప్రాయం. భవనంతో మొదలుపెడతాం, సభ్యుల సంఖ్య, అర్హతలు, కాలపరిమితి చెబుతాం. ప్రశ్నోత్తరాల సమయం దగ్గరికి వచ్చేసరికి గంట కొడతారు. సోషల్ చెప్పే మాస్టార్లకు, టీచర్లకు నా సలహా ఒక్కటే: ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి. పార్లమెంటులో ఒక ప్రశ్నను ఎలా రాస్తారో, దేన్ని తీసుకుంటారో, దేన్ని తిప్పికొడతారో పిల్లలు తమ చేత్తో రాసి తెలుసుకోనివ్వండి. మిగతా పాఠం దాని వెనకే వస్తుంది. పైగా పిల్లలకు జీవితాంతం పనికొచ్చే విద్య ఒకటి అబ్బుతుంది. కోపం వచ్చినప్పుడు దాన్ని జవాబు రాబట్టగలిగే మాటగా మార్చుకోవడం అలవాటవుతుంది.

లోక్‌సభ కార్యవిధాన నియమావళిలో 41వ నియమం ఉంది. సభ్యులు అడిగే ప్రశ్న ఎలా ఉండాలో అందులో రాసిపెట్టారు. ప్రశ్నలో వాదన ఉండకూడదు. అడిగేవాళ్లు ముందే తేల్చేసుకున్న తీర్పు ఉండకూడదు. వ్యంగ్యం, నిందారోపణ, ఎత్తిపొడుపు విశేషణాలు, పరువు తీసే మాటలు పనికిరావు. మంత్రి సొంత అభిప్రాయం అడగకూడదు. “ఒకవేళ ఇలా జరిగితే” అనే ఊహల మీద అడగకూడదు. అందరికీ అందుబాటులో ఉన్న పుస్తకాల్లో దొరికే సంగతిని అడిగి సభ సమయం తినకూడదు. కేంద్ర ప్రభుత్వానికి ప్రధానంగా సంబంధం లేని విషయం అడగకూడదు. మామూలుగా 150 పదాలు దాటకూడదు. ఈ ఒక్క నియమాన్ని చార్టు మీద పెద్దక్షరాలతో రాసి తరగతి గోడకు తగిలించండి. మాట తీరు గురించి ఇంతకన్నా సూటైన పాఠం ఏ వ్యక్తిత్వ వికాస శిబిరంలోనూ నేను వినలేదు.

ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఈ అభ్యాసం జరుగుతుంటే దగ్గర కూర్చుని చూశాను. తొమ్మిదో తరగతి అమ్మాయి. వాళ్లమ్మ అదే బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆ పిల్ల రాసుకొచ్చిన కాగితం ఇది: “మా అమ్మకు మూడు నెలలుగా డబ్బులు ఇవ్వడం లేదు. మధ్యలో ఎవరో తినేస్తున్నారు. పేదవాళ్లంటే అందరికీ లోకువ. పట్టించుకునే నాథుడే లేడు. ఇదేనా ప్రభుత్వం?”

సోషల్ సార్ కాగితం తన చేతిలోకి తీసుకోలేదు. పెన్సిల్ ఆ పిల్లకే ఇచ్చి, గోడ మీది చార్టు చూపించి, “నియమం ఒప్పుకోని మాటలన్నీ నువ్వే కొట్టేయమ్మా” అన్నారు. “ఎవరో తినేస్తున్నారు” నిందారోపణ. పోయింది. “అందరికీ లోకువ” తనకు తాను ఇచ్చుకున్న తీర్పు. పోయింది. “ఇదేనా ప్రభుత్వం” ఎత్తిపొడుపు. అదీ పోయింది. చివరికి కాగితం మీద మొదటి వాక్యం ఒక్కటే మిగిలింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అయితే నాకు కోపం రావడం తప్పా సార్?”

“తప్పెందుకమ్మా, నీ కోపం న్యాయమే. కానీ కాగితంలో కోపం కనిపిస్తే మంత్రిగారు దానికే జవాబు చెప్పి కూర్చుంటారు. మూడు నెలలు అన్న మాట ఒక్కటే ఉందనుకో, దానికి చెప్పి తీరాలి.”

తరవాత పిరియడంతా కూర్చుని ఆ ఒక్క వాక్యం నుంచి ప్రశ్న కట్టారు. అసెంబ్లీలోనూ పార్లమెంటులోనూ ప్రశ్నలకు ఒక అచ్చు ఉంటుంది. ఆ అచ్చులో పోస్తే అది ఇలా తయారైంది:

“గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి ఈ కింది విషయాలు దయచేసి తెలియజేస్తారా: (అ) పీఎం పోషణ్ పథకం కింద వంట చేసే మహిళలకు గౌరవ వేతనం చెల్లింపులో జాప్యం జరుగుతున్న మాట వాస్తవమేనా, (ఆ) అయితే, గత మూడేళ్లలో రాష్ట్రానికి విడుదల చేసిన కేంద్రం వాటా ఎంత, ఏయే తేదీల్లో విడుదల చేశారు, (ఇ) జాప్యం జరగకుండా ఏమైనా చర్యలు తీసుకున్నారా, తీసుకుంటే అవి ఏమిటి, (ఈ) లేకపోతే, అందుకు కారణాలేమిటి?”

ఆ చివరి రెండు ముక్కలు చూడండి. చర్య తీసుకుంటే ఏమిటో చెప్పాలి, తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో చెప్పాలి. తప్పుకునే దారి లేదు. కంఠం పెంచకుండా ఎదుటివారిని జవాబు దాకా నడిపించవచ్చని పద్నాలుగేళ్ల పిల్లకు అంత తొందరగా ఇంకెలా చెప్పగలం?

ఇక్కడే కేంద్రం, రాష్ట్రం పాఠం కూడా వచ్చేస్తుంది. పీఎం పోషణ్ అనే ఈ మధ్యాహ్న భోజన పథకం కేంద్ర ప్రాయోజితం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున పంచుకుంటాయి. వంటవాళ్ల గౌరవ వేతనాన్ని కేంద్రం 2009 డిసెంబరు నుంచి నెలకు 1000 రూపాయలుగా లెక్కకట్టింది. రాష్ట్రాలు తమ సొంత సొమ్ము పైన కలుపుతాయి. కాబట్టి కేంద్రం వాటా ఎప్పుడు వచ్చిందన్నది లోక్‌సభలో అడగాలి. కలిపే సొమ్ము ఎందుకు ఆగిందన్నది శాసనసభలో అడగాలి. బిల్లులు పంపడమే ఆలస్యమైతే మండల విద్యాశాఖాధికారిని అడగాలి. ఏ తలుపు తట్టాలో తెలియక సగం జీవితం తప్పు గుమ్మాల ముందు నిలబడే పెద్దవాళ్లను మనం రోజూ చూస్తున్నాం. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అన్న మూడు మాటలు పిల్లల బుర్రలోకి ఎక్కాల్సింది ఈ దారినే.

ఇప్పుడు మంత్రుల సంగతి. నిజం చెప్పాలంటే తరగతిలో మంత్రి వేషం అందరికీ కావాలి, మంత్రి పని ఎవరికీ అక్కర్లేదు. లోక్‌సభలో ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం పెట్టింది మంత్రి సమాచారం తెప్పించుకోవడానికే. మీ తరగతిలో మూడు రోజులు ఇవ్వండి. మంత్రిగా కూర్చునే పిల్లవాడు హెచ్‌ఎం గారిని అడగాలి, వంట చేసే అమ్మల దగ్గరికి వెళ్లాలి, పాత పేపర్లు తిరగెయ్యాలి. తెచ్చిన లెక్క తప్పయితే సభలోనే సరిదిద్దుకోవాలి.

వాడికి ఏమీ దొరకలేదనుకోండి, “సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం” అనవచ్చు. నిజం మంత్రులు తరచూ అనే మాటే ఇది. అయితే ఈ మాట గాలికి పోదు. దాన్ని ప్రభుత్వ హామీగా లెక్కిస్తారు. పార్లమెంటులో హామీల అమలును చూసే కమిటీ ఒకటి ప్రత్యేకంగా ఉంది. మంత్రి “పరిశీలిస్తాం” అన్నా “ఆలోచిస్తాం” అన్నా రాసిపెట్టుకుంటుంది, నెరవేర్చడానికి మామూలుగా మూడు నెలల గడువు ఇస్తుంది. ఈ కమిటీ గురించి మన బడుల్లో దాదాపు ఎవరూ చెప్పరు. నన్నడిగితే పిల్లల వ్యక్తిత్వానికి పార్లమెంటు ఇవ్వగలిగిన కానుకల్లో ఇది చాలా విలువైనది. తరగతిలో ఒక హామీల పుస్తకం పెట్టండి. “రేపు తెస్తాను సార్” అన్న కుర్రాడి మాట, “వచ్చే వారం లైబ్రరీ తెరిపిస్తాను” అన్న మాస్టారి మాట రెండూ అందులోకి ఎక్కాలి. నలుగురు పిల్లల కమిటీ నెలకోసారి చదివి వినిపించాలి. పెద్దల మాటను కూడా అదే పుస్తకంలో రాసేసరికి పిల్లలకు నియమం మీద నమ్మకం కుదురుతుంది.

అసలు పరీక్ష జవాబు వచ్చాక మొదలవుతుంది. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలుంటాయి. వాటికి మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెబుతారు, అడిగినవారు వెంటనే అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్ర గుర్తు లేనివి 230 దాకా ఉంటాయి, వాటికి కాగితం మీద జవాబే. ఏ ప్రశ్న ముందు వస్తుందో లాటరీ తీసి నిర్ణయిస్తారు. ఉదయం 11 నుంచి 12 దాకా సాగే ప్రశ్నోత్తరాల సమయంలో నోటితో జవాబు దాకా వచ్చేవి కొన్నే. అనుబంధ ప్రశ్న ముందుగా రాసుకొచ్చేది కాదు. మంత్రి చెప్పింది చెవిపెట్టి విన్నవాళ్లకే అది తడుతుంది. “80 శాతం చెల్లించాం అన్నారు, మిగతా 20 శాతం ఏయే జిల్లాలు?” అని ఒక పిల్ల లేచి అడిగిందంటే ఆ పిల్ల వినడం నేర్చుకుందని అర్థం. మార్కులు వేయదలిస్తే ఉపన్యాసానికి తగ్గించి అనుబంధ ప్రశ్నకు ఎక్కువ వేయండి.

పిల్లలు టీవీలో చూసిందే చేస్తారు. సభ పెట్టగానే ఇద్దరు ముగ్గురు సభాపతి కుర్చీ ముందున్న వెల్‌లోకి దూకుతారు, కాగితాలు చింపి గాల్లోకి విసురుతారు. కోప్పడి కూర్చోబెట్టకండి. కాసేపు కానిచ్చి, తరవాత జరిగిన నష్టం లెక్క చెప్పించండి. గొడవలో ప్రశ్నోత్తరాల సమయం కొట్టుకుపోతే ఆ రోజు నక్షత్ర గుర్తు ప్రశ్నలకూ రాతపూర్వక జవాబులే సభ ముందు ఉంచుతారు. అంటే మంత్రికి అనుబంధ ప్రశ్న తప్పింది. ప్రతిపక్షం అరిచిన అరుపుకు లాభపడింది ఎవరయ్యా అంటే, జవాబు చెప్పడానికి ఇబ్బంది పడాల్సిన మంత్రి! ఈ లెక్క తెలిసిన పిల్లలు మళ్లీ అరవాలంటే ఒక క్షణం ఆలోచిస్తారు. ఇంట్లో నాన్నతో వాదన వచ్చినప్పుడు కూడా.

సభాపతిగా ఎవర్ని పెట్టాలి? క్లాస్ లీడర్నో, గొంతు పెద్దదైన కుర్రాడినో పెడుతుంటాం. నేనైతే నియమం దగ్గర మొహమాటపడని పిల్లను వెతుకుతాను. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడి ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర వలంటీరుగా రాజమండ్రిలో పుట్టిన ఒక అమ్మాయి నిలబడింది. వయసు 14. టికెట్ లేనిదే ఎవర్నీ పంపవద్దని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, చేతిలో టికెట్ లేదు. ఆపేసింది. నిర్వాహకులు పరుగున వచ్చి టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలింది. ఆ అమ్మాయే దుర్గాబాయి దేశ్‌ముఖ్. తరవాత రాజ్యాంగ పరిషత్తులో సభ్యురాలయ్యారు. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆవిడే. సభాపతి స్థానానికి కావలసిన గుణమేమిటో పిల్లలకు చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు. నీలం సంజీవరెడ్డి 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే తన పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారని కూడా చెప్పండి. మీ తరగతి సభాపతి కూడా ఆ రోజుకు తన స్నేహితుల బెంచీ వదిలి వచ్చి కూర్చోవాలి.

సభ్యులు ఒకరినొకరు “నువ్వు, నువ్వు” అనుకోకూడదు. ప్రతి మాటా “అధ్యక్షా” అని కుర్చీతో మొదలుకావాలి. ఎదుటివాడి కళ్లలోకి కాకుండా కుర్చీ వైపు చూసి మాట్లాడితే మాటలో వేడి దానంతటదే తగ్గుతుంది. చేయించి చూడండి, అయిదు నిమిషాల్లో తేడా తెలుస్తుంది.

బిల్లు విషయానికొస్తే మూడు పఠనాలు, రెండు సభలు, రాష్ట్రపతి ఆమోదం అన్నవి బోర్డు మీద గీసి చూపిస్తే సరిపోతుంది. తెలుగు పిల్లలకు దగ్గరి ఉదాహరణ వాళ్ల పటంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. మార్చి 1న రాష్ట్రపతి సంతకం పెట్టారు. జూన్ 2న తెలంగాణ అవతరించింది. తేదీలు వరసగా రాస్తే బిల్లు ప్రయాణం కళ్లకు కడుతుంది. ఆనాటి ఉద్వేగాలు ఇంటింటికీ వేరు. తరగతిలో వాటి జోలికి పోకుండా తేదీల వరకే ఉంచడం మంచిది.

నేను ఎక్కువ సమయం ఇవ్వమనేది సవరణకు. మన పిల్లలకు ఒక ప్రతిపాదన మీద రెండే మాటలు వచ్చు: సరే, వద్దు. పార్లమెంటు మూడో మాట నేర్పుతుంది. బిల్లును ఒప్పుకుంటూనే అందులో ఒక క్లాజును మార్చమని అడగవచ్చు. “లైబ్రరీ పుస్తకాన్ని 7 రోజులు ఇంటికి ఇవ్వాలి” అని తరగతిలో బిల్లు పెట్టించండి. “ఏడు రోజులు ఏం సరిపోతాయి సార్, పనికిమాలిన బిల్లు!” అని ఎవరో ఒకరు అంటారు. ఆ కుర్రాడి చేత రాయించండి: “2వ క్లాజులో ‘7 రోజులు’ అన్న చోట ‘14 రోజులు’ అని ఉండాలి.” ఆ వాక్యం రాయగానే వాడు విమర్శకుడి నుంచి భాగస్వామిగా మారిపోతాడు. రేపు ఉద్యోగంలో, కాపురంలో, ఊరి పంచాయితీలో వాడికి ఎక్కువ అక్కరకొచ్చే మాట ఇదే.

మాట్లాడని పిల్లల మాటేమిటని టీచర్లు అడుగుతారు. వాళ్లను కమిటీల్లో వేయండి. పార్లమెంటులో శాఖలవారీ స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి, ఒక్కోదానిలో 31 మంది. లోపల జరిగే చర్చకు కెమెరాలుండవు. అధికారుల్ని పిలిచి అడుగుతారు, కాగితాలు చదువుతారు, నివేదిక రాస్తారు. చప్పట్లు లేని ఈ పనిలో మెరిసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. ఇంగ్లిష్ రాదని వెనక్కి తగ్గే పిల్లలకు ఇంకో సంగతి చెప్పండి: లోక్‌సభలో తెలుగులో మాట్లాడవచ్చు, అప్పటికప్పుడు అనువదించే ఏర్పాటు ఉంది.

ఓటింగు రోజున 1999 ఏప్రిల్ 17 కథ చెప్పండి. వాజపేయి ప్రభుత్వం మీద విశ్వాస తీర్మానం. అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. ఒక్క ఓటు. సభాపతి స్థానంలో ఉన్నది మన కోనసీమ నుంచి వెళ్లిన జీఎంసీ బాలయోగి. ప్రభుత్వం పడిపోయింది. ఓడినవాళ్లు ఫలితాన్ని ఒప్పుకున్నారు, ఎన్నికలకు వెళ్లారు, అదే ఏడాది గెలిచి తిరిగి వచ్చారు. పిల్లలకు ఆకుపచ్చ, ఎరుపు, పసుపు కాగితాలు పంచి ఓటు వేయించండి. సభలో మీటల రంగులు అవే: అవును, కాదు, తటస్థం. ఓడిన పక్షం నాయకుడు లేచి గెలిచిన పక్షాన్ని అభినందిస్తూ రెండు వాక్యాలు మాట్లాడాకే సభ ముగించాలి. రెండు వాక్యాలే. మొదటిసారి గొంతు పెగలదు. రెండో సభలో పెగులుతుంది.

యువ పార్లమెంటు పోటీలకు తయారుచేసే బడుల్లో సంభాషణలు ముందే రాసిచ్చి బట్టీ పట్టించడం చూస్తుంటాం. బహుమతి రావచ్చు. కానీ మంత్రి ఏం చెబుతాడో అడిగే పిల్లకు ముందే తెలిసిపోతే ఆ పిల్లకు వినే అవసరమే ఉండదు. ప్రశ్నలు రాయనివ్వండి, జవాబులు దాచి ఉంచండి. మాటలు తడబడినా ఆ సభే నిజమైన సభ.

ఇక చేయాల్సిన పని ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభలో 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది ఉన్నారు. మీ ఎంపీ ఇప్పటిదాకా అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు సంసద్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, పిల్లల చేత వెతికించండి. తరగతిలో రాసిన వాటిలో బాగా కుదిరిన ఒక ప్రశ్నను ఉత్తరంతో జతచేసి ఆయనకో ఆమెకో పంపండి. మీ ఎంపీ కేంద్ర మంత్రి అయితే ప్రశ్నలు అడగరు, అప్పుడు మీ రాష్ట్రపు రాజ్యసభ సభ్యుల్లో ఒకరికి పంపండి. వర్షాకాల సమావేశాలు మామూలుగా జూలైలో మొదలవుతాయి, నోటీసుకు 15 రోజులు కావాలి. అంటే బడులు తెరిచిన జూన్‌లోనే ఉత్తరం పోస్టులో పడాలి. పేజీ దాటనివ్వకండి. అడిగే విషయం, బడి పేరు, తరగతి, హెచ్‌ఎం గారి సంతకం ఉంటే చాలు. జవాబు వస్తే నోటీసు బోర్డు మీద అంటించండి. రాకపోతే అదే ప్రశ్నను నవంబరులో, శీతాకాల సమావేశాలకు ముందు, మళ్లీ పంపండి.